అచ్చు ఎవరిది, గ్లాసు ఎవరిది: ఒక అద్దాల బీరువా ప్రాజెక్టు డైరీ

మార్చి మొదట్లో

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో మేం కొన్న ఇంట్లో పాతవాళ్ళు వదిలేసిన అద్దాల బీరువా ఒకటి ఉంది. నాలుగు అరలు, వెనక అద్దం. దాన్ని ఒహాయో నది చుట్టుపక్కల తయారైన పాత గ్లాస్‌వేర్‌తో నింపాలి. సరుకు చాలావరకు గ్యారేజ్‌లో అట్టపెట్టెల్లో ఉంది. ఎస్టేట్ సేల్స్‌లో (ఒక ఇంటి సామానంతా అమ్మేసేవి), పాత వస్తువులు అమ్మే యాంటిక్ మాల్స్‌లో అప్పుడొకటి ఇప్పుడొకటి తెచ్చి పడేసినవే. ఇప్పుడు వాటిని బయటికి తీసి, కడిగి, ఏది ఎవరు చేశారో తేల్చి, కార్డు రాసి, అర మీద పెట్టాలి.

మామూలుగా అందరూ రంగుల ప్రకారం సర్దుతారు, లేకపోతే కంపెనీల ప్రకారం. నేను అచ్చుల ప్రకారం సర్దబోతున్నాను. ఈ గ్లాసుల్లో ఎక్కువ భాగం ఇనప అచ్చుల్లో నొక్కి చేసినవి. కంపెనీ మూతపడుతుంది, కొలిమి చల్లారుతుంది, కానీ ఇనుముకు ఏమీ కాదు. ఇంకొకడు కొనుక్కుపోయి అదే అచ్చులో కొత్త రంగు పోస్తాడు. అందుకని "ఈ డిజైన్ ఎవరిది?" అన్నది ఒక ప్రశ్న, "ఈ గ్లాసు ఎవరు చేశారు?" అన్నది వేరే ప్రశ్న. అమ్మేవాళ్ళు మొదటిదానికి జవాబు చీటీ మీద రాసి రెండోదానికి ధర తీసుకుంటారు. నా కార్డు మీద రెండు గడులూ విడివిడిగా ఉంటాయి.

ఇక్కడే ఎందుకు ఇన్ని కంపెనీలు అంటే, ముఖ్యంగా గ్యాస్ వల్ల. గాజు కొలిమి రాత్రీ పగలూ మండుతూ ఉండాలి. 1880లలో ఒహాయోలో, ఇండియానాలో, పక్కనే వెస్ట్ వర్జీనియాలో సహజవాయువు చవగ్గా దొరికేసరికి తూర్పు తీరం నుంచి కంపెనీలు ఇటు కదిలాయి. లిబ్బీ గాజు కంపెనీ 1888లో మసాచుసెట్స్ వదిలి టొలీడో వచ్చేసింది. ఫాస్టోరియా కంపెనీ అయితే ఒహాయోలో పుట్టి, ఆ గ్యాస్ తగ్గగానే 1891లో వెస్ట్ వర్జీనియాలోని మౌండ్స్‌విల్‌కి మారిపోయింది. ఇసుక ఉంది, సరుకు పంపడానికి నది ఉంది, రైళ్ళు ఉన్నాయి. ఇంకేం కావాలి?

మార్చి చివర

కడగడం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ టబ్బు, అడుగున మందపాటి తువ్వాలు, గోరువెచ్చని నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు. ఒక్కసారికి ఒక్కటే. చల్లటి గ్యారేజ్‌లోంచి తెచ్చినదాన్ని వెంటనే వేడినీళ్ళలో ముంచకూడదు, ముందు గదిలో కాసేపు ఉంచాలి. డిష్‌వాషర్ మాట ఎత్తకండి. అందులో వేస్తూ పోతే గాజు పైపొర తినేసి తెల్లటి మసక పడుతుంది. ఆ మసక వెనిగర్‌తో పోదు, దేనితోనూ పోదు. ఉప్పునీళ్ళ మరకైతే వెనిగర్‌లో నానబెడితే వదులుతుంది. రెండిటికీ తేడా తడిపి చూస్తే తెలియదు, ఎందుకంటే తడి మీద రెండూ మాయమవుతాయి. పూర్తిగా ఆరాక చూడాలి. ఎస్టేట్ సేల్‌లో ఎవరైనా గ్లాసుకి నూనె రాసి మెరిపించి పెట్టారంటే అనుమానించాల్సిందే.

పెట్టెల్లో ఎక్కువగా ఉన్నది ఫెంటన్ అనే కంపెనీ చేసిన హాబ్‌నెయిల్. పాలలాంటి తెల్ల గాజు, ఒంటినిండా గుండ్రటి బొడిపెలు, పైన కుచ్చుల అంచు. ఫెంటన్ 1938 ప్రాంతంలో రిజ్లీ అనే పెర్ఫ్యూమ్ కంపెనీకి బొడిపెల సీసాలు చేసిపెట్టింది. ఆ వరస జనానికి నచ్చింది. 1952లో తెల్ల గాజులో హాబ్‌నెయిల్ తెచ్చాక కంపెనీని ఏళ్ళ తరబడి నిలబెట్టింది అదే. కడగడానికి మాత్రం నరకం. బొడిపెల మధ్య జిడ్డు, దాని మీద దుమ్ము. మెత్తటి టూత్‌బ్రష్‌తో ఒక్కో వరసా తిరగాలి.

అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి ఉన్నారు. పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ, "ఇన్ని పగిలే వస్తువులు ఇంట్లో ఎందుకమ్మా?" అన్నారు. నేను జవాబు వెతుక్కునేలోపే ఒక వాజు చేతిలోకి తీసుకుని అంచు చుట్టూ బొటనవేలి గోరు నడిపించి, "ఇదిగో, ఇక్కడ పెచ్చు లేచింది" అని చూపించారు. కంటికి ఆనని పెచ్చు. గాజుల దుకాణంలో డజన్లు ఎంచిన చెయ్యి. ఆ రోజు నుంచి తనిఖీ ఆవిడదే, కడగడం నాది. హాబ్‌నెయిల్‌లో అంచు కంటే బొడిపెల కొనలు ముందు పోతాయి, అక్కడ కూడా గోరు పెట్టాలి అని చెప్పాను. ఆవిడ వెంటనే ఇంకో రెండు పక్కన పెట్టేశారు!

ఏప్రిల్

గుర్తులు చదవడం. ఇక్కడ కొంచెం ఓపిక పడితే తర్వాత చాలా పని తగ్గుతుంది.

ఫెంటన్ చాలా కాలం గాజు మీద పేరు వేయలేదు. కాగితం స్టికర్ అంటించేవాళ్ళు, మొదటి కడుగుడికే పోయేది. 1970లో కార్నివాల్ గ్లాసు, అంటే పైన రంగురంగుల మెరుపు పొర ఉండే గాజు, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు కోడిగుడ్డు ఆకారంలో గీత గీసి లోపల ఫెంటన్ అని అచ్చులోనే చెక్కారు. కొన్నేళ్ళలో మిగతా సరుకుకీ అదే గుర్తు వచ్చింది. 1980లలో పేరు కింద చిన్న 8, 1990లలో 9, 2000 తర్వాత 0. అంటే అడుగు తిప్పి చూస్తే ఏ దశాబ్దమో చెప్పేయొచ్చు. ఇంకొకటి కూడా ఉంది: గుడ్డు గీతలో వంపులు తిరిగిన ఎఫ్ అక్షరం ఒక్కటే ఉంటే, అది ఫెంటన్ వేరే కంపెనీ నుంచి తెచ్చుకున్న అచ్చులో పోసిన గ్లాసు. నాలాంటివాళ్ళకు ఇంతకంటే నిజాయితీ గుర్తు లేదు. గ్లాసు మాది, అచ్చు మాది కాదు అని వాళ్ళే చెప్పేస్తున్నారు.

ఒహాయోలోని బెల్లేర్ ఊళ్ళో ఉండే ఇంపీరియల్ గ్లాసు అడుగున కంపెనీ చరిత్రే రాసి ఉంటుంది. 1951 నుంచి ఐ, జి అక్షరాలు ఒకదాని మీద ఒకటి. 1970ల మొదట్లో లెనాక్స్ అనే కంపెనీ కొన్నాక ముందు ఎల్ చేరింది. 1981లో ఆర్థర్ లార్చ్ అనే ఆయన చేతికి వెళ్ళాక దానికి ముందు ఏ చేరింది. 1984లో మూత. యజమాని మారినప్పుడల్లా అచ్చులో ఒక అక్షరం ఎక్కువ చెక్కుకున్నారు.

నా దగ్గర ఇంపీరియల్ గ్రేప్ గోబ్లెట్లు రెండు ఉన్నాయి, ద్రాక్షగుత్తులు, ఆకులు, నారింజ మెరుపు. పక్కపక్కన పెడితే కవలలే. ఒకదాని మీద ఐ.జి. ఉంది, రెండోదాని మీద ఏమీ లేదు. మొదటిది 1960లలో మళ్ళీ పోసింది, రెండోది 1910ల నాటిది. రెండూ ఒకే కంపెనీ. మధ్యలో యాభై ఏళ్ళు. పాతదానికి కొత్తదాని కంటే ఎక్కువ డబ్బే పెట్టాను, కానీ అర మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఇది నా మొదటి జంట.

ఏప్రిల్ చివర

ఇవాళంతా ఒక్క గిన్నెతోనే గడిచిపోయింది. ఫెంటన్ డ్రాగన్ అండ్ లోటస్, నీలం కార్నివాల్. చుట్టూ ఒక డ్రాగన్, ఒక తామర, మళ్ళీ డ్రాగన్. వర్షం పడ్డ రోడ్డు మీద పెట్రోలు తేలితే కనిపించే రంగులు దాని మీద అన్నీ ఉన్నాయి: ఊదా, బంగారు, నెమలి పచ్చ.

ఈ మెరుపు రంగు వేయడం వల్ల వచ్చింది కాదు. కరిగిన గాజు ముద్దను అచ్చులో వేసి పైనుంచి మీట నొక్కుతారు. బయటికి వచ్చిన గిన్నె అడుగును పొడవాటి కడ్డీ చివరి పట్టుతో బిగించి మళ్ళీ మంటలో పెట్టి మెత్తబరుస్తారు. అంచును పనిముట్టుతో కుచ్చులు తిప్పుతారు. ఇంకా ఎర్రటి వేడి మీద ఉండగానే ఇనుము, తగరం లాంటి లోహాల లవణాల ద్రావణం చల్లుతారు. అది గాజు మీద సన్నటి పొరగా అంటుకుంటుంది. వెలుతురు ఆ పొర పైనుంచి కొంత, కిందనుంచి కొంత తిరిగి వస్తే రంగులు విడిపోతాయి. తర్వాత పొడవాటి పొయ్యిలో మెల్లగా చల్లారుస్తారు. ఫెంటన్ ఈ సరుకు 1907లోనే అమ్మకానికి పెట్టింది. టిఫనీ అనే ఖరీదైన కంపెనీ మెరుపు గాజు ధనవంతులది. ఇది మామూలు ఇళ్ళది.

అందుకే కార్నివాల్‌లో అసలు రంగు తెలియాలంటే పైన చూడకూడదు. గిన్నె తిరగేసి అడుగు వలయం దగ్గర వెనకనుంచి ఫ్లాష్‌లైట్ పెట్టి చూడాలి. అక్కడ మెరుపు పెద్దగా అంటదు, గాజు తన రంగులో కనిపిస్తుంది. మారిగోల్డ్ అని పిలిచే నారింజ రకం కింద గాజుకు రంగే ఉండదు. నాది కోబాల్ట్ నీలం, అనుమానం లేదు. అమ్మినావిడ ఊదా అని రాసింది, ధర తేడా నాకే లాభం. గుడ్డు గీత గుర్తు లేదు కాబట్టి 1970 తర్వాతది కాదు. తామర రేకుల గీతలు పదునుగా ఉన్నాయి. అచ్చు అరిగిపోక ముందు పోసింది అని నా అంచనా.

పక్కన ఇంకో గిన్నె, అడుగున వృత్తంలో ఎన్ లాంటి అక్షరం. వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌లో అప్పట్లో ఉండిన నార్త్‌వుడ్ కంపెనీ గుర్తు వృత్తంలో ఎన్, దాని కింద గీత. కానీ న్యూ మార్టిన్స్‌విల్‌కు చెందిన ఎల్.జి. రైట్ కంపెనీ పాత అచ్చులు కొని వేరే ఫ్యాక్టరీలతో పోయించుకునేది. వాళ్ళు వాడిన గుర్తు నార్త్‌వుడ్ ఎన్‌కి దగ్గరగా ఉంటుంది, ఎడమకాలు మాత్రం కొంచెం వంకర. చూసేవాడి తొందర మీద వ్యాపారం. కార్నివాల్ సేకర్తల సంఘం దీని మీద గొడవ చేసి, చివరికి అసలు ఎన్ గుర్తు హక్కులు తనే సంపాదించుకుంది. భూతద్దంలో నా గిన్నె కాలు వంకరే. కార్డు మీద ఎల్.జి. రైట్ అని రాశాను. అందంగానే ఉంది, పై అరలోకే వెళ్తుంది.

మే

యూవీ టార్చ్, అంటే అతినీలలోహిత కాంతి టార్చ్, వచ్చింది. 395 నానోమీటర్లది తెప్పించాను. 365ది ఇంకా పదునైనదే కానీ దాని కింద మాంగనీస్ ఉన్న గాజు కూడా లేతగా పచ్చబడుతుంది, కొత్తవాళ్ళకి అనవసరమైన గందరగోళం. యురేనియం ఉంటే 395 కింద కూడా నిలువునా వెలిగిపోతుంది.

లైట్లు ఆర్పి పెట్టెల మీద టార్చ్ తిప్పుతుంటే పిల్లలకు దీపావళి. ఆకుపచ్చ డిప్రెషన్ గ్లాసు, అంటే ఆర్థిక మాంద్యం నాటి చవక గాజు, చాలావరకు వెలిగింది. 1930ల సరుకులో రంగు కోసం కొంచెం యురేనియం కలిపేవాళ్ళు. యుద్ధ కాలంలో యురేనియం ప్రభుత్వ గుప్పిట్లోకి వెళ్ళింది, 1958 తర్వాతే గాజు కంపెనీలకు మళ్ళీ దొరికింది. కాబట్టి వెలుగుతోంది అంటే యుద్ధానికి ముందుదో, 1958 తర్వాతదో. ఆ ఒక్క విషయమే కార్డు మీద సగం తేదీ రాసేస్తుంది. రేడియేషన్ గురించి టెన్షన్ పడాల్సినంత లేదు, అర మీద పెట్టుకోవడానికి ఏమీ కాదు. వాటిలో పులుసు పోసుకుని తినను, అంతే.

అసలు ఆనందం బర్మీస్ వాజు. అడుగున నిమ్మపండు పసుపు, పైకి వచ్చేకొద్దీ గులాబీ రంగు, మధ్యలో ఎక్కడ మారిందో చెప్పలేం. 1885లో మసాచుసెట్స్‌లోని మౌంట్ వాషింగ్టన్ కంపెనీకి చెందిన ఫ్రెడరిక్ షర్లీ పేటెంట్ తీసుకున్న గాజు అది. మిశ్రమంలో యురేనియం, బంగారం రెండూ ఉంటాయి. యురేనియం పసుపునిస్తుంది. వాజు పైభాగాన్ని మళ్ళీ మంటలో పెడితే బంగారం మేలుకుని గులాబీ రంగు తేలుతుంది. ఎంతసేపు పెట్టాలి, ఎంత లోపలికి పెట్టాలి అన్నది పనివాడి కన్ను. ఫెంటన్ దీన్ని 1970లో మళ్ళీ చేసింది. నాది ఆ తర్వాతదే, చేత్తో వేసిన పూలు, అడుగున పెయింటర్ చిన్న సంతకం. ఫెంటన్‌లో 1968 నుంచి చేతి పెయింటింగ్ విభాగాన్ని లూయిస్ పైపర్ అనే ఆవిడ పైకి తెచ్చారు. నాది ఆవిడ సంతకం కాదు, ఆవిడదైతే నా బడ్జెట్‌లో ఉండేది కాదు.

మే చివర

న్యూఆర్క్ వెళ్ళాం. న్యూజెర్సీలోది కాదు, ఒహాయోలోది, మాకు దగ్గరే. అక్కడ నేషనల్ హైసీ గ్లాస్ మ్యూజియం ఉంది. హైసీ 1896 నుంచి 1957 దాకా అదే ఊళ్ళో నడిచింది. వజ్రం ఆకారంలో హెచ్ అక్షరం దాని గుర్తు.

హైసీ మూతపడ్డాక 1958లో దాని అచ్చుల్ని ఇంపీరియల్ కొంది. కొన్నేళ్ళపాటు అచ్చులో ఉన్న వజ్రం హెచ్ చెరపకుండానే కొత్త సరుకు పోసింది. అంటే అడుగున హెచ్ కనిపించినంత మాత్రాన హైసీ చేసినట్టు కాదు. అక్కడ రంగు చూడాలి. క్యారమెల్ స్లాగ్ అనే గోధుమ, తెలుపు సుడుల గాజు హైసీ చేయలేదు, ఇంపీరియల్ చేసింది. నా దగ్గర ఆ రంగులో ఒక బొమ్మ ఉంది, "హైసీ" అని చీటీతో సహా. చీటీ తీసేశాను.

ఇంపీరియల్ దివాలా తీశాక, 1985లో హైసీ సేకర్తల సంఘం వాళ్ళు చందాలేసుకుని దాదాపు ఆ అచ్చులన్నిటినీ తిరిగి కొనుక్కున్నారు. ఇంకెవరూ వాటిలో గాజు పోసి మార్కెట్ పాడుచేయకుండా. మ్యూజియంలో గ్లాసుల ముందు కంటే ఈ సంగతి దగ్గరే నేను ఎక్కువసేపు ఆగాను. మామూలుగా అభిమానులు వస్తువులు దాచుకుంటారు. వీళ్ళు ఆ వస్తువులు పుట్టే ఇనుముని దాచుకున్నారు.

మావారు మాత్రం కాఫీ ఎప్పుడు అని రెండుసార్లు అడిగారు.

జూన్

మా ఊరి సరుకు. ఫెడరల్ గ్లాస్ కంపెనీ కొలంబస్‌దే. 1932 నుంచి 1939 దాకా మాడ్రిడ్ అనే డిజైన్ చేసింది. ఎక్కువగా తేనె రంగులో, మిషన్ మీద, చవగ్గా. మాంద్యం రోజుల్లో ఇలాంటి సరుకును ఓట్స్ డబ్బాల్లో, సినిమా హాళ్ళలో కానుకగా ఇచ్చేవాళ్ళు. 1976లో అమెరికా రెండువందల ఏళ్ళ పండగకి ఫెడరల్ అదే డిజైన్‌ని రికలెక్షన్ పేరుతో మళ్ళీ చేసింది, ప్రతి దాని మీదా 76 అని వేసింది. తర్వాత అచ్చులు ఇండియానా గ్లాస్ చేతికి వెళ్ళాయి. వాళ్ళు ఆ 76 తీసేసి పింక్, నీలం, రంగు లేని గాజు పోశారు. ఇబ్బంది అక్కడే.

ఒక యాంటిక్ మాల్‌లో పింక్ మాడ్రిడ్ కేక్ స్టాండు, చీటీ మీద "1930లు, 60 డాలర్లు". ఫెడరల్ పాత రోజుల్లో ఆ ఆకారమే చేయలేదు, అది ఇండియానా కాలం వస్తువు. కౌంటర్‌లో ఉన్న పెద్దాయనకి మెల్లగా చెప్పాను. ఆయన స్టాండుని అటూ ఇటూ తిప్పి చూసి, "మా ఆవిడ పెట్టిన ధర, నేనేం మాట్లాడను" అని నవ్వి 15కి ఇచ్చేశారు. నాకు కావలసింది సరిగ్గా అదే: ఫెడరల్ 1930ల తేనె రంగు ప్లేటు, 76 గుర్తున్న రికలెక్షన్ ప్లేటు, ఇండియానా పింక్ స్టాండు. ఒకే డిజైన్, మూడు అడుగులు. రెండో అర నిండింది.

జూన్ చివర

అత్తయ్యగారికి ఫిరోజాబాద్ గాజుల గురించి తెలుసు గానీ, అదే ఊళ్ళో జైన్ గ్లాస్ వర్క్స్ అని కార్నివాల్ గ్లాసు చేసిన ఫ్యాక్టరీ ఉండేదని తెలియదు. చేపల వాజులు, ఏనుగుల వాజులు, పువ్వుల టంబ్లర్లు. పల్చటి గాజు, మారిగోల్డ్ మెరుపు. వాటిని ఇప్పుడు అమెరికాలో, ఆస్ట్రేలియాలో సేకర్తలు వెతుక్కుంటున్నారు. ఫోటోలు చూపించాను. "ఇలాంటి గ్లాసుల్లో మా చిన్నప్పుడు షర్బత్ ఇచ్చేవారు, ఎక్కడో చూశాను" అన్నారు. మా ఆడపడుచుకి ఫోన్ చేసి తెనాలి ఇంటి అటక వెతకమని పురమాయించారు కూడా. ఒహాయో బీరువాలో దానికి చోటు లేదు. దొరికితే వంటింట్లో ఒక అర కొట్టిస్తాను.

జూలై

సర్దుడు. పాత బల్బులు తీసి ఎల్ఈడీ పట్టీలు వేశాం. వేడి ఉండదు, గాజుకి మంచిది. పై అంచుకి ఒకటి, వెనక అద్దం కిందికి ఒకటి. కార్నివాల్‌కి ముందునుంచి వెలుతురు కావాలి, మెరుపు అప్పుడే లేస్తుంది. పాలమీగడలా మసకగా మెరిసే ఒపలెసెంట్ గాజుకి, బర్మీస్‌కి వెనకనుంచి కావాలి. అందుకని స్విచ్‌లు విడివిడిగా. గిన్నెల కింద మ్యూజియం మైనం చిటికెడు, పిల్లలు పక్కనే పరిగెడితే జరగకుండా. బరువైనవి కింది అరల్లో. అరల మధ్య దూరం పెంచడానికి మావారు మేకులు మార్చి కొట్టారు, ఒకటి వంకర పోయింది గానీ లోపలివైపే.

పై అర కార్నివాల్: ఇంపీరియల్ జంట, డ్రాగన్, వంకరకాలు ఎన్. రెండోది మాడ్రిడ్ కుటుంబం. మూడోది హైసీ అచ్చుల ఇంపీరియల్, పక్కన అసలు హైసీ కప్పు ఒకటి. కింది అర మొత్తం ఫెంటన్: హాబ్‌నెయిల్, తెల్ల గాజుకి పారదర్శకమైన కుచ్చుల అంచు అతికిన సిల్వర్ క్రెస్ట్, బర్మీస్. ఫెంటన్ కొలిమి 2011లో ఆగింది. దాని అచ్చులూ చేతులు మారుతున్నాయి. కాబట్టి ఇకమీదట ఫెంటన్ డిజైన్‌తో కొత్తగా కనిపించే ప్రతి దాన్నీ అడుగు తిప్పి చూడాలి. కింది అరలో కుడివైపు జాగా వదిలాను. ఫెంటన్ అచ్చులో ఇంకొకరు పోసిన గ్లాసు కావాలి, పేరు చెప్పుకుని అమ్మేవాళ్ళది. ఒహాయోలోనే ఉన్న కేంబ్రిడ్జ్ వైపు వెళ్ళినప్పుడు మోసర్ గ్లాస్ దుకాణంలో అడగాలి. వాళ్ళు ఇంకా చేత్తోనే నొక్కి చేస్తున్నారు.

అత్తయ్యగారు పక్కన పెట్టించిన పెచ్చుల హాబ్‌నెయిల్స్ అమ్మకానికి పెట్టాను, పెచ్చు ఎక్కడుందో ఫోటో తీసి మరీ. ఒకటి 8 డాలర్లకి పోయింది. మిగతావాటిలో పుదీనా వేశాను.